పటిక నీళ్ళు పోసిన కన్ను

మా పై వాటాలో ఉండే లావణ్య మొన్నొక ఆదివారం మధ్యాహ్నం తన కుక్కను చంకనేసుకుని, చేతిలో కంటి చుక్కల సీసాతో మెట్లు దిగి వచ్చింది. కుక్క పేరు కాజు. చప్పిడి ముక్కు, ముడతలు పడ్డ మొహం, బయటికి ఉబికి వచ్చిన గుడ్లు ఉండే పొట్టి జాతి. దాని ఎడమ కన్ను మూసుకుపోయి ఉంది. నీళ్ళు కారి ముక్కు పక్కన వెంట్రుకలు తడిసి అంటుకుపోయాయి. కిటికీ వైపు తిప్పితే చాలు, వెలుతురు భరించలేక మొహం లావణ్య చున్నీలో దాచుకుంటోంది. "టీచర్ గారూ, కాస్త దీని తల పట్టుకుంటారా? చుక్కలు వేద్దామంటే విదిలించేస్తోంది" అంది. ఆ సీసా వాళ్ళ మామగారికి శుక్లాల ఆపరేషన్ అయ్యాక మిగిలిపోయినది. నేను కాజు తల పట్టుకోలేదు. సీసా పట్టుకున్నాను. లాక్కున్నాను అంటేనే నిజం.

వెనకే వాళ్ళాయన కిరణ్ దిగాడు. పొద్దున బాల్కనీలో గులాబీ కుండీల మధ్య దూరి ఆడిందనీ, అప్పటి నుంచే ఇలా ఉందనీ చెప్పాడు. "మనుషుల కళ్ళలో వేసేదే కదండీ, కుక్కకేమవుతుంది?" అన్నాడు. సాయంత్రం చల్లపల్లిలో వాళ్ళ బంధువులింట్లో ఫంక్షన్ ఉందట, రేపు పొద్దున్నే డాక్టరుకు చూపిస్తారట. "చూపించడానికి రేపటికి కన్నుండాలిగా బాబూ" అన్నాను. కాజు ముందు కాలు ఎత్తి కంటిని రుద్దుకోబోతోంది. ఆ కాలు పట్టుకోమని లావణ్యకు చెప్పి, చెప్పులు వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాను. పెద్దావిడ ఎండలో నిలబడి ఉంటే కారు తియ్యకుండా ఉండడం ఎవరికైనా కష్టమే. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసే నిలబడ్డాను. గుడివాడలో మా వీధివాళ్ళు నన్ను ఎదురుగా షమీమ్ టీచర్ గారు అంటారు, మలుపు తిరిగాక కుక్కల టీచర్ అంటారు. అననివ్వండి. ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని, ఇంతకంటే అన్యాయమైన పేర్లు కూడా పెట్టించుకున్నాను.

కుక్కల్ని చూసే డాక్టరు ఫోను చేస్తే వచ్చి షట్టరు ఎత్తాడు. చిన్న కాగితం ముక్కతో కాజు కంట్లో ఏదో రంగు తాకించి, నీళ్ళతో కడిగి, గదిలో లైటు ఆర్పి, నీలం లైటు వేసి చూపించాడు. నల్లగుడ్డు మీద ఒక గీత పచ్చగా మెరిసింది. పై పొర చీరుకుపోయిన చోట మాత్రమే ఆ రంగు పడుతుందట, బాగున్న చోట నిలవదట. నా చేతిలోని సీసా తీసుకుని చదివి, "ఇందులో స్టెరాయిడ్ ఉందండీ. ఈ గాయం మీద ఇది పడితే మానడం ఆగిపోతుంది. ఒక్కోసారి గుడ్డుకు చిల్లు పడుతుంది కూడా" అన్నాడు. కిరణ్ ఫోను జేబులో పెట్టేశాడు. ఆ రోజు ఫంక్షనుకు ఆలస్యంగా వెళ్ళారు. కాజు కన్ను దక్కింది. నాకు మాత్రం ఆ పచ్చ గీత కళ్ళ ముందు నుంచి కదల్లేదు. మేం అద్దకం పనివాళ్ళం. బట్ట మీద పటిక అచ్చు పడ్డ చోటే ఎర్రరంగు పట్టుకుంటుంది, మిగతా చోట కడిగితే పోతుంది. గాయానికి కూడా అలా రంగు పడుతుందని ఇంత వయసొచ్చాక చూశాను. చూసి సంతోషపడాల్సిందిపోయి, ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని ఏడ్చాను. చిన్నప్పటి మా కుక్క షేరుకు ఈ రంగు వేసి చూపించేవాళ్ళు అప్పుడు ఎవరూ లేరు. పటిక మాత్రం బానల కొద్దీ ఉండేది.

బందరులో మా ఇల్లు, అద్దకం పాక ఒకే ప్రహరీలో ఉండేవి. ముందు పాక, మధ్యలో నీళ్ళ తొట్లు, వెనక ఇల్లు. ఇంట్లోకి ఎవరొచ్చినా ముందు మా వాసనలు దాటుకుని రావాలి. నల్లరంగు కోసం బెల్లం, తుప్పు ఇనుము కలిపి కుండల్లో పులియబెట్టేవాళ్ళు, దాని పులుపు ముక్కు వెంట నేరుగా తలకెక్కేది. దంచిన కరక్కాయ వగరు, ఉడుకుతున్న ఎర్రరంగు బాన కింద తుమ్మకట్టెల పొగ, అన్నిటి మీదా గేదెపాల నీచు వాసన. కొత్త బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడితే తప్ప రంగు పాకకుండా నిలవదు. ఆ పాల వాసన మా బట్టలకే కాదు, మా పుస్తకాలకూ అన్నానికీ కూడా ఉండేది. బళ్ళో నా పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకుంటే, నేను కావాలని ఇంకాస్త దగ్గరికి జరిగేదాన్ని.

ఇంటికి పెద్ద మా దాదీమా, అంటే నాన్నగారి అమ్మ. పాకకు పెద్ద మా పెద్దనాన్న, ఆయన్ను బడే అబ్బా అనేవాళ్ళం. నాన్న బట్టల మూటలతో ఊళ్ళు తిరిగి అమ్ముకొచ్చేవాడు, ఇంట్లో ఉన్న రోజులు తక్కువ. అమ్మ వంటింట్లోంచి ఏదన్నా ఆ మాట వసారా దాకా వచ్చేది కాదు. మా ఇంటి ఉర్దూలో సగం తెలుగే, కాబట్టి వాళ్ళ మాటలు తెలుగులో రాస్తే పెద్ద అబద్ధమేమీ కాదు. దాదీమా పొద్దున లేచి, కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకుని, నమాజయ్యాక, వెండి పుల్లతో కళ్ళకు సుర్మా పెట్టుకునేది. ఆవిడ లెక్కలో శుభ్రం అన్నిటికంటే ముందు. కుక్క ఇంటి గడప తొక్కకూడదు, నీళ్ళ కుండ దరిదాపుల్లోకి రాకూడదు, మూతి పెట్టిన గిన్నె మట్టితో తోమి తోమి కడగాలి. బడే అబ్బా మంచి పనివాడు. బట్టను వేళ్ళ మధ్య నలిపి కరక్కాయ చాలలేదని చెప్పేసేవాడు. ఆయన మంచితనం బట్టల దగ్గర మొదలై బట్టల దగ్గరే అయిపోయేది. ఇలా రాస్తే మా వాళ్ళకు కోపం వస్తుంది. రానివ్వండి, అందరం పెద్దవాళ్ళమైపోయాం.

పాల వాసన ఉన్న బట్టను కాలవగట్టు మీద గడ్డిలో పరిచి ఎండబెట్టేవాళ్ళు. మేకలకు, ఆవులకు ఆ వాసనంటే ప్రాణం. కాస్త ఏమరితే చాలు, ఏ మేకో వచ్చి దుప్పటి అంచు నోట్లో పెట్టుకుని నమిలేసేది. అందుకే మా వాళ్ళు ఎంత ఆచారం పాటించినా కుక్క లేకుండా బతకలేకపోయారు. ఆ కుక్కే షేరు. పేరుకు సింహం, మనిషి మాత్రం గోధుమరంగు బక్కప్రాణి, ఒక చెవి నిలబడి ఒకటి వాలిపోయి ఉండేది. షేరు అరిచేది కాదు. పరిచిన బట్టల చుట్టూ అంచు తొక్కకుండా తిరిగేది, మేక తల దించగానే ఉరికి కాళ్ళ దగ్గరికి వెళ్ళేది. బట్ట మీద అడుగు వెయ్యకూడదని దానికి ఎవరు నేర్పారో నాకిప్పటికీ తెలియదు. బడి వదలగానే నేను గట్టు మీదికి పరిగెత్తి దాని పక్కన కూర్చునేదాన్ని. అప్పటికే దాదీమా "పెద్దపిల్లవి అయ్యావు, గట్టు మీద తిరుగుళ్ళు చాలు" అని మొదలుపెట్టింది. నేను ఆ మాట చెవిన పెట్టలేదు.

గట్టుకు ఒక పక్క సర్కారుతుమ్మ కంప కంచె ఉండేది. ఒకరోజు మేకను తరుముతూ షేరు ఆ కంపలోకి దూరిపోయింది. బయటికి వచ్చాక ఒక కన్ను చిట్లించుకుని ఉంది. నేను వచ్చేసరికి నీడలో పడుకుని, ముందు కాలితో ఆ కంటిని రుద్దుకుంటోంది, మొహాన్ని గడ్డికేసి రాస్తోంది. కంటి నుంచి సన్నగా నీళ్ళు. ఎండ వైపు మొహం తిప్పడం లేదు. తెల్లగుడ్డు ఎర్రబడింది, నల్లగుడ్డు మాత్రం అప్పటికింకా నల్లగానే ఉంది. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ సాయంత్రానికి దానికున్నది ముల్లు గీరిన గాయం, అంతే. బడే అబ్బా వచ్చి చూశాడు. మా పాకలో ఎవరికి కళ్ళకలక వచ్చినా మందు ఒకటే. పటిక. చిటికెడు పటిక కరిగించిన నీళ్ళతో కళ్ళు కడుక్కోవడం మా తాతల నాటి నుంచి ఉన్నదే. బందరులో ఇంకే ఇంట్లోనూ పటిక అంత చేతికందేట్టు ఉండదు, కాబట్టి ఈ తప్పు ఇంకే ఇంట్లోనూ జరిగేది కాదు. ఆయన చిటికెడు కరిగించే తీరిక కూడా లేక, అచ్చులకు సిద్ధం చేసిన బానలోంచే చెంబుతో ముంచాడు. బట్టలో ఇంకి ఎర్రరంగును పట్టుకోవాల్సిన చిక్కటి పటిక నీళ్ళు అవి.

అచ్చులు వేసే వెంకన్న మావయ్య షేరు కాళ్ళు పట్టుకున్నాడు. "బాన నీళ్ళు ఘాటు కదండీ" అని ఒకసారి అన్నాడు కూడా. బడే అబ్బా విన్లేదు. ఒక్కరోజూ అరవని కుక్క ఆ రోజు అరిచిన అరుపుకు పాకలో అచ్చులు కొట్టే చప్పుడు ఆగిపోయింది. నేను "వద్దు, వద్దు" అంటూ చెంబుకు అడ్డం పడ్డాను. ఆయన నన్ను పక్కకు నెట్టి, "మందు మండుతుంది. మండితేనే పనిచేస్తున్నట్టు" అన్నాడు. ఆ మాట నా జీవితంలో తర్వాత ఎంతమంది నోట విన్నానో చెప్పలేను. బళ్ళో బెత్తం పట్టుకున్న మేష్టర్లు అన్నారు, కోడళ్ళను దిద్దే అత్తలు అన్నారు. ఎప్పుడు విన్నా నాకు షేరు అరుపే వినిపించేది. ఆయన వెళ్ళగానే షేరును తొట్టి దగ్గరికి లాక్కెళ్ళి మంచినీళ్ళు పోశాను. పోస్తూనే ఉన్నాను. ఏం చేస్తున్నానో తెలియదు, ఘాటైనది పడింది కాబట్టి కడగాలి అన్నంతవరకే తెలుసు. పొద్దుటికి నల్లగుడ్డు మీద పాలు ఒలికినట్టు తెల్లటి నీలం పొర కమ్మింది.

"కన్ను పోయింది. కంటి చూపు లేని కుక్కతో గట్టు కాయించలేం. గిలకలదిండి రేవులో వదిలేస్తే చేపల పెంటలు తిని బతుకుతుంది" అన్నాడు బడే అబ్బా, టీ తాగుతూ. కన్ను ఇంకా పోలేదని నేనన్నాను. "నీకు కళ్ళు నెత్తికెక్కాయి" అన్నాడు. ఆ రోజు బడికని బయల్దేరి, పుస్తకాల సంచి భుజాన ఉండగానే, అచ్చు తప్పి పక్కన పడేసిన బట్ట అంచు చింపి షేరు మెడకు కట్టి, పశువుల ఆసుపత్రికి నడిపించుకుంటూ వెళ్ళాను. దారిలో పిల్లలు వెంటపడ్డారు. ఆసుపత్రిలో గేదెలు, దూడలు, వాటి రైతులు. మా వంతు వచ్చేసరికి డాక్టరుగారు నన్నూ కుక్కనూ చూసి, "నీతో పెద్దవాళ్ళెవరూ రాలేదా అమ్మాయ్?" అన్నారు. "పెద్దవాళ్ళే దీన్నిలా చేశారండీ" అన్నాను. ఆయన నవ్వలేదు. టార్చిలైటు వేసి చాలాసేపు చూశారు. ముల్లు గీత లోతుగానే ఉందనీ, దాని మీద పటిక పడి కాలిందనీ, వెంటనే నీళ్ళు పొయ్యకపోతే మొత్తం పోయేదనీ చెప్పారు. చిన్న ట్యూబులో మందు ఇచ్చి, ట్యూబు మూతి కంటికి తగలనివ్వొద్దన్నారు, కాచి చల్లార్చిన నీళ్ళతో దూది తడిపి పుసి తుడవమన్నారు, చీకట్లో ఉంచమన్నారు. "అన్నిటికంటే ముఖ్యం, రుద్దుకోనివ్వకు. సగం కళ్ళు దెబ్బతో పోవు, కాలి గోళ్ళతో పోతాయి" అన్నారు.

రుద్దుకోకుండా ఎలా ఆపడం? కరక్కాయలు వచ్చే తాటాకు బుట్ట ఒకటి అడుగు ఊడిపోయి మూల పడుంది. దాన్ని షేరు తల మీదుగా దించి మెడ దగ్గర గుడ్డతో కట్టేశాను. ఇప్పుడు డాక్టర్లు ప్లాస్టిక్కుతో చేసినవి అమ్ముతున్నారు, కాజుకు కూడా అదే కొన్నాం. చూసిన ప్రతిసారీ నా తాటాకు బుట్టే మెరుగనిపిస్తుంది. బుట్టలోంచి మొహం పెట్టి చూసే కుక్కను చూసి పాకలో నవ్వని వాళ్ళు లేరు. బడే అబ్బా మాత్రం, బేరానికి వచ్చినవాళ్ళు చూస్తే పరువు పోతుందన్నాడు. నీళ్ళు కాచడానికి గిన్నె అడిగితే దాదీమా ఒక సొట్టగిన్నె ఇచ్చి, "ఇది మళ్ళీ వంటింట్లోకి వచ్చిందంటే చూడు" అంది. అంతకంటే సాయం ఆవిడ నుంచి నేను ఆశించలేదు. అంతకంటే తక్కువా చెయ్యలేదు. ఇక గట్టు ఎవరు కాయాలి? నేనే కాస్తానన్నాను. పొద్దున బడికి ముందు, సాయంత్రం బడి అయ్యాక, కర్ర పట్టుకుని పాల బట్టల చుట్టూ తిరిగాను. పగటిపూట నా వంతు వెంకన్న మావయ్య చూసేవాడు. పెద్దపిల్ల గట్టు మీద మేకల్ని తరుముతోందని మా వీధి ఆడవాళ్ళు దాదీమాకు వచ్చి చెప్పారు. మేకలకు లేని సిగ్గు నాకెందుకని వాళ్ళ ముందే అడిగాను.

కన్ను ఏమైందో ముందే చెప్పేస్తాను. నేను కథ రాయడం లేదు, దాచిపెట్టి ఊరించే ఓపిక నాకు లేదు. పొర అంచుల నుంచి నెమ్మదిగా విడిపోయింది. చివరికి నల్లగుడ్డు మధ్యలో బియ్యపుగింజంత తెల్లమచ్చ మిగిలింది. దాని పక్కల నుంచి షేరుకు చూపు ఉండేది, తల కాస్త వంచి చూసేది. అప్పటి నుంచి దెబ్బతిన్న కంటిని చూస్తే నా చేతులు ఊరుకోవు. దివిసీమలో పనిచేసినప్పుడు ఒకసారి రొయ్యల చెరువు గట్టు మీద కాపలా కుక్క కంట్లో సున్నం పడింది. చెరువులో చల్లడానికి తెచ్చిన సున్నం. ఆ రైతు, మంచివాడే, కండువాతో తుడవబోయాడు. చేతిలోంచి కండువా లాగేసి, బోరు పైపు తెచ్చి, దాని కంట్లో నీళ్ళు సన్నగా పట్టించాను. "ఎంతసేపండీ టీచర్ గారూ, చాల్లెండి" అంటూనే ఉన్నాడు. చాలు అని అతనంటే కాదు, నేనంటేనే ఆపాను. అప్పుడు కూడా డాక్టరు దగ్గరికి పంపాకే ఇంటికి వెళ్ళాను. గుచ్చుకుని నిలబడ్డ ముల్లును మాత్రం ముట్టుకోను, లాగనివ్వను. కన్ను మీద తడిగుడ్డ కప్పి డాక్టరు దగ్గరికి పరిగెత్తడమే. కాజు లాంటి జాతికైతే కొట్లాటలో గుడ్డు బయటికే వచ్చేస్తుంది, దానికీ తడిగుడ్డా పరుగే. ఈ రోజుల్లో డాక్టర్లున్నారు, నీలం లైట్లున్నాయి, చేతిలో ఫోన్లున్నాయి. అయినా చెంబు స్థానంలోకి సీసా వచ్చింది తప్ప, ఇంట్లో ఏది అందితే అది పోసే చెయ్యి అలాగే ఉంది. ఆ రోజుల్లో అంతా ప్రేమే ఉండేదనీ, ఇప్పుడు ఏమీ మిగల్లేదనీ మా వయసువాళ్ళు రాస్తుంటారు. నేను రాయను. ఆ రోజుల్లో షేరుకు మందు వేయించడానికి నేను పోట్లాడాను, ఈ రోజుల్లో కాజు కోసం కూడా పోట్లాడాను. తేడా ఏమిటంటే కిరణ్ చివరికి కారు తీశాడు.

పొర ఇంకా పూర్తిగా విడకముందే, ఒక శుక్రవారం నేను బళ్ళో ఉండగా, బడే అబ్బా షేరును రిక్షాబండిలో గిలకలదిండి పంపించేశాడు. పదకొండింటి విరామంలో మందు వేద్దామని ఇంటికి వచ్చేసరికి పాక మూల ఖాళీగా ఉంది. వెంకన్న మావయ్య అచ్చు మీద నుంచి తల ఎత్తకుండా, "అమ్మాయ్, బోట్ల దగ్గరికి పంపించారు. నేను చెప్పానని అనకు" అన్నాడు. మందు వేసే వేళ అయింది. బుట్ట ఊడితే రుద్దుకుంటుంది. రుద్దుకుంటే మానుతున్న కన్ను మళ్ళీ చీరుకుపోతుంది. నాకు ఆ మూడు మాటలు తప్ప ఇంకేమీ తోచలేదు. ట్యూబు, దూది తీసుకుని నడిచాను. ఆ ఎండలో అంత దూరం ఒంటరిగా ఎప్పుడూ వెళ్ళలేదు. దారి పొడవునా భయమే. ఆ భయం మీద కోపం, కోపం మీద ఏడుపు, అన్నీ కలిసే నడిపించాయి.

గిలకలదిండిలో చేపల వేలంపాట అయిపోయి, ఐసు నీళ్ళు నేల మీద పారుతున్నాయి. వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళను అడుగుతూ వెళ్ళాను. గంపలు కడుగుతున్న ఒకావిడ నన్ను చూసి, "బుట్ట కుక్క నీదేనా అమ్మాయ్? అదిగో, ఆ ఐసు పెట్టెల వెనక పడుంది. పొద్దున్నుంచీ చేప వేస్తే ముట్టలేదు, ఇక్కడి కుక్కలు మీద పడుతుంటే నేనే అదిలిస్తున్నా" అంది. షేరు పెట్టెల నీడలో ముడుచుకుని ఉంది. బుట్ట ఒక పక్క నలిగిపోయింది, కానీ మెడకే ఉంది. నన్ను చూసి లేవలేదు, తోక మాత్రం తడినేల మీద టపటపా కొట్టుకుంది. అక్కడే కూర్చుని కన్ను తుడిచి మందు వేశాను. ఆవిడ తన చెంబులో నీళ్ళు నా చేతుల మీద పోసి, "ఒంటి కన్నుదాన్ని ఏం చేసుకుంటావే?" అంది. "రెండు కళ్ళూ ఉన్నాయి పిన్నీ. ఒకటి మానుతోంది" అన్నాను.

బందరు బజారు మీదుగా షేరును నడిపించుకుంటూ వచ్చాను. సందుల్లోంచి రావచ్చు. రాలేదు. కోనేరు సెంటర్లో జనం ఆగి చూశారు, స్కూలు బట్టల్లో ఒక పిల్ల, బుట్టలో తల పెట్టుకున్న ఒక కుక్క. మా వీధిలోకి వచ్చేసరికి జుమా నమాజు అయి, మగవాళ్ళంతా మసీదు నుంచి వస్తున్నారు. బడే అబ్బా కూడా అప్పుడే వచ్చి గేటు దగ్గర ఆగాడు. ఆయన పక్కన బట్టల బేరగాళ్ళు ఇద్దరున్నారు. నన్ను చూసి గొంతు తగ్గించి, "దాన్ని వదిలేసి లోపలికి రా" అన్నాడు.

"వదిలి రాను."

"అయితే అక్కడే కూర్చో" అని బేరగాళ్ళను తీసుకుని లోపలికి వెళ్ళి గేటు గడియ పెట్టాడు. కూర్చున్నాను. గేటు ముందు, రోడ్డు మీద, అటూ ఇటూ పోయేవాళ్ళందరి మధ్య. షేరు తల నా ఒళ్ళో పెట్టుకుంది. వీధి ఆడవాళ్ళు కిటికీల్లోకి వచ్చారు. కాసేపటికి గేటు సందులోంచి మా ఇంటి కిటికీ తెర కదలడం, దాని వెనక దాదీమా తెల్ల దుపట్టా కనిపించాయి. ఆవిడ బయటికి రాలేదు, లోపలికి రమ్మని కూడా అనలేదు. బేరగాళ్ళు బయటికి వస్తుంటే గేటు తీయక తప్పలేదు. వాళ్ళ వెనకే వచ్చిన బడే అబ్బా నా చెయ్యి పట్టుకుని లేపబోయాడు. "రోడ్డు మీద కూర్చుని ఇంటి పరువు తీస్తావా? ఒక గుడ్డి కుక్క కోసమా?"

నాకు గొంతు పెద్దది. ఆ రోజు దాన్ని తగ్గించుకోలేదు. "గుడ్డిది కాదు. ముల్లు గీరిందంతే. కన్ను కాల్చింది మీరు, మీ పటిక నీళ్ళు. కాల్చి, పనికిరాదని పారేసి వచ్చారు. నేను మందు వేసి బాగుచేస్తున్నాను. ఇది ఇక్కడే ఉంటుంది. ఉండకూడదంటే నేనూ ఇక్కడే ఉంటాను."

మా ఇంట్లో పెద్దవాళ్ళతో అలా మాట్లాడిన ఆడపిల్ల లేదు, మగపిల్లాడు కూడా లేడు. ఆయన చెయ్యి ఎత్తాడు. నేను తల వంచలేదు, కళ్ళు కూడా మూసుకోలేదు. ఎత్తిన చెయ్యి కాసేపు అలాగే ఉండి, తలపాగా సర్దుకుని, కిందికి దిగింది. ఆయన గేటు వెయ్యకుండా లోపలికి వెళ్ళిపోయాడు. వెంకన్న మావయ్య పాకలోంచి "రామ్మా" అని సైగ చేశాడు. షేరు లేచి, గేటు వైపు ఒక అడుగు వేసి, నా కోసం ఆగింది. నేను మాత్రం వెంటనే లేవలేదు. ఇంకా చూడనివాళ్ళు ఎవరైనా ఉంటే చూడాలని, సాయంత్రం నమాజుకు జనం బయల్దేరేదాకా దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఆ తెరిచిన గేటు ముందే కూర్చున్నాను.